పేరెవరిది?

మనిషి పేరు ఎవరి సొత్తు? పెట్టిన అమ్మీ అబ్బాలదా, మోసేవాడిదా, పిలిచే లోకానిదా? రాక్ సంగీతంలో ఈ ప్రశ్న పెద్దగా ఎవరూ అడగరు. అక్కడ పేరు మార్చుకోవడం తప్పు కాదు, రివాజు. కాకపోతే ఏ పేరు విడిచి ఏ పేరు తొడుక్కున్నాడో చూసి, ఒక్కొక్కడి దగ్గర ఒక్కో ధర వసూలు చేస్తుంది లోకం.

ఫరోఖ్ బల్సారా 1946లో జాంజిబార్‌లో పుట్టాడు. పార్సీల బిడ్డ. చదువు మన దేశంలోనే, పంచ్‌గని బోర్డింగ్ స్కూల్లో. ఫ్రెడ్డీ అనే పిలుపు అక్కడే అంటుకుంది. 1964లో జాంజిబార్ విప్లవం నెత్తురు పారిస్తే ఇల్లూ వాకిలీ వదిలి ఆ కుటుంబం ఇంగ్లండ్ చేరింది. 1970లో క్వీన్ బృందం కట్టే నాటికి ఇంటిపేరు కూడా పోయింది. ఫ్రెడ్డీ మెర్క్యురీ మిగిలాడు.

1975లో 'బొహీమియన్ రాప్సడీ' వచ్చింది. దాదాపు ఆరు నిమిషాల పాట. తిరిగి తిరిగి వచ్చే పల్లవి లేదు. రేడియోకి ఇంత పొడుగు పనికిరాదన్నారు. బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఆ పాట నడుమ 'బిస్మిల్లా' అన్న మాట వస్తుంది. మనం అన్నం ముద్ద ఎత్తేముందు అనుకునే మాట. కలిమా తెలియని లక్షల గొంతులు స్టేడియాల్లో దాన్ని ఎత్తుకుంటాయి. ఇంటి పేరు గుమ్మం బయట వదిలేసినవాడు ఈ మాటని పాటలోకి ఎందుకు తెచ్చుకున్నాడు? పాటకి అర్థం విప్పి చెప్పడానికి ఆయన ఇష్టపడలేదు. మనం కల్పించి చెప్పడం కూడా మర్యాద కాదు.

పుట్టుక దాచుకున్నాడు, పిరికివాడు అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. డెబ్బైల నాటి ఇంగ్లండ్‌లో గోధుమ రంగు మనిషి కనిపిస్తే 'పాకీ' అని తిట్టేవాళ్ళు. నేషనల్ ఫ్రంట్ వాళ్ళు వీధుల్లో ఊరేగేవాళ్ళు. తలుపు దగ్గర నిలబడి పేరడిగేవాణ్ణి వదిలేసి, పేరు మార్చుకుని లోపలికెళ్ళినవాణ్ణి నిలదీయడం ఏం న్యాయం? హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కున్న సాయిబులకి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. ఫోన్‌లో నా తెలుగు విని "రండి సార్, చూసుకోండి" అన్న గొంతే, పేరు చెప్పగానే "నిన్ననే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి వెళ్ళారండీ" అంది. నేను పేరు మార్చుకోలేదు. అలాగని మార్చుకున్నవాడికంటే నేను గొప్పవాణ్ణయిపోను. పత్రికాఫీసులో పేరు వల్ల నా జీతమేం ఆగలేదు మరి.

ఫ్రెడ్డీ 1991 నవంబర్ 24న ఎయిడ్స్‌తో పోయాడు. అంత్యక్రియలు జరిపింది పార్సీ పూజారులే. 2006లో జాంజిబార్‌లో ఆయన అరవయ్యో పుట్టినరోజు వేడుక తలపెడితే, అక్కడి ఒక ముస్లిం సంస్థ అడ్డు చెప్పింది. ఆయన బతికిన తీరు ఇస్లాంకి మచ్చట! ఆయన ముస్లిమే కాదు. ఎదుటివాడి మీద పేరు పులమడంలో మనవాళ్ళూ తక్కువ తినలేదు.

ఇక ఎదురు దారిలో నడిచినవాడు. స్టీవెన్ జార్జియు లండన్‌లో 1948లో పుట్టాడు. తండ్రి గ్రీకు సైప్రియట్, తల్లి స్వీడన్ మనిషి. పాటల కోసం క్యాట్ స్టీవెన్స్ అయ్యాడు. ఆ మార్పుకి ఎవరూ నొచ్చుకోలేదు. 1977లో ఇస్లాం తీసుకుని, మరుసటి ఏడు యూసుఫ్ ఇస్లాం అయ్యాడు. గిటార్లు అమ్మి దానం చేసేశాడు. మన సినిమాల్లో ఒక యూసుఫ్ ఖాన్ 1944లో దిలీప్ కుమార్ అయితేనే తెర దక్కింది. అక్కడ ఒక స్టీవెన్ తెర వదిలి యూసుఫ్ అయ్యాడు. మొదటిదాన్ని తెలివి అన్నారు, రెండోదాన్ని పిచ్చి అన్నారు.

1989లో రష్దీ మీద ఫత్వా వచ్చినప్పుడు యూసుఫ్ అన్న మాటలు మరణశిక్షని సమర్థిస్తున్నట్టే వినిపించాయి. నా ఉద్దేశం అది కాదని తర్వాత చెప్పుకున్నాడు. ఆ మాటలకి ఆయన్ని నిలదీయాల్సిందే. అడిగినవాళ్ళది తప్పు కాదు. మాట మనిషి చేసిన పని. పేరు అలాంటిది కాదు. 2004 సెప్టెంబర్‌లో లండన్ నుంచి వాషింగ్టన్ వెళ్తున్న విమానాన్ని మెయిన్ రాష్ట్రంలోని బ్యాంగర్‌కి మళ్ళించి ఆయన్ని దింపేశారు. నిఘా జాబితాలో పేరుందన్నారు. ఆయన్ని వెనక్కి పంపేశారు. 'పీస్ ట్రెయిన్' అని 1971లో పాడినవాణ్ణి. అదే ఏడాది నవంబర్‌లో రోమ్‌లో నోబెల్ శాంతి విజేతల సమావేశం ఆయనకి శాంతి పురస్కారం ఇచ్చింది. ఒకే మనిషి, ఒకే పేరు, రెండు నెలల తేడా.

పాట హరామా హలాలా అన్న తగవు మన ఉలమాల్లో ఇంకా తెగలేదు. ఆయన తన మట్టుకు తాను తేల్చుకుని 2006లో మళ్ళీ పాప్ పాటల్లోకొచ్చాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు 2014లో గౌరవించింది క్యాట్ స్టీవెన్స్‌ని. 2017లో వచ్చిన 'ద లాఫింగ్ యాపిల్' మీద మాత్రం యూసుఫ్, క్యాట్ స్టీవెన్స్ రెండు పేర్లూ ఉన్నాయి. నడుమ ఒక ఏటవాలు గీత.