ప్రయోగశాలలో ప్రమాణ విచారం

జ్ఞానం ఎలా కలుగుతుంది, కలిగిన జ్ఞానం నిజమని ఎలా తేలుతుంది అన్న ప్రశ్నలను భారతీయ దర్శనాలు ప్రమాణ విచారం పేరిట శతాబ్దాలపాటు చర్చించాయి. యథార్థ జ్ఞానాన్ని కలిగించే సాధనానికే ప్రమాణమని పేరు. ఆ చర్చ నేడు తత్త్వశాస్త్ర విభాగాలకే పరిమితమైనట్టు కనిపించినా, బయోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చదువుతూ, చివరి సెమిస్టర్‌లో డిసర్టేషన్ కోసం మొదటిసారి సొంత ప్రయోగానికి పూనుకునే విద్యార్థికి, ఆ దర్శనాల పేర్లయినా తెలియకపోవచ్చు గాని, రోజూ ఎదురయ్యే సమస్య అదే. ఇతరులు చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మాలి, తన కంటితో చూసినదాన్ని ఎంతవరకు నమ్మాలి అన్న రెండు సందేహాలూ అతణ్ణి ఏకకాలంలో పట్టి ఉంచుతాయి.

న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను అంగీకరించింది. 17వ శతాబ్దానికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు ఈ దర్శన సారాన్ని ‘తర్కసంగ్రహం’ అనే చిన్న గ్రంథంలో కూర్చాడు. సంస్కృతంలో తర్కం నేర్చుకునేవారికి ఇప్పటికీ అదే తొలి పాఠ్యగ్రంథం. శబ్దమంటే ఆప్తుడి వాక్యం, అనగా విషయాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడి మాట. ప్రయోగశాలలో శబ్ద ప్రమాణానికి చోటు లేదని, అక్కడ అన్నీ ప్రత్యక్షంగా తేల్చుకుంటారని బయటివారు భావిస్తారు గాని, వాస్తవం అందుకు విరుద్ధం. సీసా మీద రాసి ఉన్న ఎంజైమే సీసాలో ఉందని, బఫర్ ద్రావణాన్ని సీనియర్ సరైన పీహెచ్‌కే కలిపి పెట్టాడని, పదేళ్లనాటి పరిశోధన పత్రంలోని పద్ధతి నిజంగా పనిచేసిందని నమ్మకుండా ఏ విద్యార్థీ ఒక్క పూట కూడా పని సాగించలేడు. శ్రద్ధ, అనగా నమ్మకం, లేనివాడికి శాస్త్రం అబ్బదన్న పాతకాలపు అభిప్రాయం ఈ మేరకు ప్రయోగశాలలోనూ నిలుస్తుంది.

అయితే ఆ నమ్మకాల మీద నిలబడి విద్యార్థి సొంతంగా ఒక నిర్ణయానికి రాబోయినప్పుడు అనుమాన ప్రమాణం రంగంలోకి వస్తుంది. పొగను బట్టి కొండమీద నిప్పు ఉందని తెలుసుకోవడం తార్కికుల ప్రసిద్ధ ఉదాహరణ. అందులో కొండ పక్షం, అనగా విచారణకు గురైన చోటు; నిప్పు సాధ్యం; పొగ హేతువు. నిప్పు ఉందని ముందే తెలిసిన వంటిల్లు సపక్షం కాగా, నిప్పు లేదని ముందే తెలిసిన చెరువు విపక్షం. హేతువు పక్షంలో ఉండి, సపక్షంలో కనబడి, విపక్షంలో ఎక్కడా కనబడనప్పుడే అది సాధ్యాన్ని నిరూపించగలదు. ఈ మూడు లక్షణాల సూత్రాన్ని స్పష్టంగా రూపొందించినవారిలో బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ముఖ్యుడు.

ప్రయోగశాలలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. పొగాకు మొక్కలోకి కొత్త జన్యువును ప్రవేశపెట్టిన విద్యార్థి, అది నిజంగా చేరిందో లేదో తెలుసుకోవడానికి ఆకునుంచి డీఎన్ఏ తీసి పీసీఆర్ చేస్తాడు. 1983లో కేరీ మల్లిస్ ఆలోచనలో రూపుదిద్దుకుని, 1993లో ఆయనకు రసాయనశాస్త్ర నోబెల్ తెచ్చిపెట్టిన ఈ పద్ధతి, ఎంచుకున్న డీఎన్ఏ భాగాన్ని ప్రతి ఆవృత్తిలోనూ రెట్టింపు చేస్తుంది; 30 ఆవృత్తుల తరువాత ఒక్క ప్రతి, లెక్క ప్రకారం, 100 కోట్లు దాటుతుంది. ఆ ద్రావణాన్ని అగరోజ్ జెల్‌లోని గుంటల్లో పోసి విద్యుత్తు పంపితే డీఎన్ఏ పరిమాణాన్ని బట్టి విడిపోయి, రంజకం కలిపిన జెల్‌లో అతినీలలోహిత కాంతికి మెరిసే గీతగా, అనగా బ్యాండ్‌గా, కనబడుతుంది. ఒక గుంటలో ఆకు డీఎన్ఏ ఉంటుంది, అది పక్షం. పక్క గుంటలో ఆ జన్యువు ఉందని తెలిసిన ప్లాస్మిడ్ ఉంటుంది, అది పాజిటివ్ కంట్రోల్, అనగా సపక్షం. మరో రెండింటిలో జన్యుమార్పిడి చేయని మొక్క డీఎన్ఏ, డీఎన్ఏకు బదులు వట్టి నీరు ఉంటాయి, అవి నెగటివ్ కంట్రోళ్లు, అనగా విపక్షాలు. నీటి గుంటలో బ్యాండ్ మెరిసిందంటే చెరువు మీద పొగ కనబడినట్టే. పిపెట్ కొసనో ద్రావణంలోనో ఎక్కడో కలుషితం జరిగి ఉంటుంది కనుక, ఆ రోజు జెల్‌లో ఆకు ఎంత చక్కటి బ్యాండ్ ఇచ్చినా దానికి విలువ లేదు.

విపక్షాలన్నీ శుభ్రంగా ఉన్నా చిక్కు తీరదు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉండదని, అందుకు ఎర్రగా కాలిన ఇనుపగుండే నిదర్శనమని తార్కికులు చెబుతారు. నిప్పుకు తడి కట్టె తోడైతేనే పొగ వస్తుంది; హేతువు వెనుక ఇలా దాగి ఉండే షరతుకు వారు ఉపాధి అని పేరు పెట్టారు. జన్యువును మొక్కలోకి మోసుకెళ్లడానికి సాధారణంగా వాడేది అగ్రోబాక్టీరియం అనే నేలలోని సూక్ష్మజీవిని. అది ఆకు కణజాలంలో కొంత మిగిలిపోతే, జన్యువు మొక్క క్రోమోజోములో చేరకపోయినా పీసీఆర్‌లో బ్యాండ్ వస్తుంది. ఇనుపగుండు పాత్రను ఇక్కడ బాక్టీరియా పోషిస్తుంది. అందుకే జాగ్రత్త గల పరిశోధకులు మొక్కలోకి బదిలీ కాని బాక్టీరియా జన్యువు కోసం విడిగా వెతికి, సదరన్ బ్లాట్ అనే పరీక్ష చేసి, తరువాతి తరం మొలకల్లోనూ తాము ప్రవేశపెట్టిన జన్యువు కనబడేదాకా తీర్పును వాయిదా వేస్తారు.

ఫలితం కనబడనప్పుడు కూడా ఇంతే జాగ్రత్త అవసరం. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని, అనగా కనబడకపోవడాన్ని, వేరే ప్రమాణంగా అంగీకరిస్తూనే, ఉండి ఉంటే తప్పక కనబడేదన్న పరిస్థితిలో మాత్రమే అది అభావాన్ని నిరూపిస్తుందని నియమం పెట్టారు. చీకటి గదిలో కుండ కనబడకపోతే కుండ లేదనలేము. ప్లాస్మిడ్ గుంటలోనూ బ్యాండ్ రాని జెల్ అటువంటి చీకటి గదే.

ఈ పోలికలను బట్టి ఆధునిక విజ్ఞానమంతా పూర్వుల గ్రంథాల్లోనే ఉందని చెప్పడం పొరపాటు. తార్కికుడి వంటిల్లు, చెరువు వాదిప్రతివాదులిద్దరూ ముందే ఒప్పుకున్న దృష్టాంతాలు. వాటిని చూసి రావలసిన పని ఎవరికీ లేదు. ప్రయోగశాలలో మాత్రం సపక్షాన్నీ విపక్షాన్నీ ప్రతిసారీ, అదే రోజు, అదే ద్రావణాలతో కొత్తగా నిర్మించాలి. నిన్నటి కంట్రోల్ నేటి ఫలితానికి సాక్ష్యం చెప్పదు.

ఇక మిగిలింది మొదట్లో వేసుకున్న ప్రశ్న: ఇతరుల మాటను, తన కంటిని ఎంతవరకు నమ్మాలి? మీమాంసకుల దృష్టిలో జ్ఞానానికి ప్రామాణ్యం స్వతః సిద్ధం. దాన్ని కాదనే బాధకం ఎదురయ్యేవరకు సందేహించనక్కరలేదు. నైయాయికుల దృష్టిలో ప్రామాణ్యం పరతః, అనగా బయటినుంచి, ఆ జ్ఞానాన్ని అనుసరించి చేసిన పని సఫలం కావడాన్ని బట్టి తేలాలి. ఇతరుల మాట విషయంలో ప్రయోగశాల మీమాంసకుల దారిలో నడుస్తుంది. వేరే దారిలో నడిస్తే పని సాగదు. అయితే ఇలా నమ్మడం వల్ల ప్రమాదమూ లేకపోలేదు. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే రోగి కణితినుంచి తీసిన హీలా కణాలు ఇతర కణవర్ధనాల్లో చొరబడ్డాయని, వేర్వేరు కణజాలాలవిగా చెలామణీ అవుతున్న అనేక కణాలు నిజానికి హీలాయేనని 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ చూపించాడు. అంతవరకు సీసా మీది పేరునే ప్రపంచం నమ్మింది. బాధకం ఎదురయ్యాక మాత్రం ఆ నమ్మకాన్ని వదలక తప్పదు. నేడు కణాల గుర్తింపును డీఎన్ఏ పరీక్షతో ధ్రువీకరించుకోవడం అందువల్లనే ఆచారమైంది.

సొంత ఫలితం విషయంలో ప్రయోగశాల నైయాయికుల పక్షం వహించాలి. మనిషి స్వభావం ఇందుకు సరిగ్గా తలకిందులు: ఎదుటివాడి మాటను శంకిస్తుంది, తన కంటికి కనబడినదాన్ని, అందునా గైడ్ ఎదురుచూస్తున్న బ్యాండ్‌ను, వెంటనే నమ్మేస్తుంది. ఈ స్వభావాన్ని తిప్పి నిలబెట్టడమే ప్రయోగశాల శిక్షణ చేసే పని. రాగద్వేషాలు బుద్ధిని కప్పేస్తాయని చాలా దర్శనాలు చెప్పాయి. నెగటివ్ కంట్రోల్ ఆ రాగానికి వేసిన కళ్లెం.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్య నివారణ నిబంధనలు తెచ్చి, 2019లో పీహెచ్‌డీ విద్యార్థులకు పరిశోధన నైతికతపై రెండు క్రెడిట్ల కోర్సును తప్పనిసరి చేసింది. ఇవి అవసరమే. కాని దొంగిలించిన వాక్యాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ వదిలేసిన కంట్రోల్‌ను పట్టుకోలేదు. ఆ పని గైడ్లది, పరీక్షకులది. కాబట్టి వైవాలో ఫలితమేమిటని అడిగే ముందు, ఏది కనబడి ఉంటే ఈ ఫలితాన్ని వదులుకునేవాడివని విద్యార్థిని అడగాలి. సరైన కంట్రోళ్లతో జన్యువు చేరలేదని నిరూపించిన డిసర్టేషన్‌కు, చేరిందని నిరూపించినదానితో సమానంగా మార్కులు వేయాలి.