గూడును చూచుట, గూటిని కాచుట



బెంగుళూరు నగరమందు పాత మేడల అటకలలోను, క్రొత్త మేడల గొట్టపు సందులలోను తెల్లని ముఖము గల గుడ్లగూబలు గూళ్ళు పెట్టుచున్నవి. గూడు కంటబడగానే అపశకునమని కర్ర పట్టువారు కొందరు. ఎలుకలను తిని సరుకు కాపాడునని సంతోషించువారు మరికొందరు. శ్రావకునకు ఈ రెండును తగవు.

లాభనష్టములు స్వకర్మ ఫలములు. పక్షి కూసినంత మాత్రాన బేరము చెడదు. మన నష్టమును మూగజీవి నెత్తిన రుద్దుట మిథ్యాత్వమే.

అంతకంటె ఘోరమొకటి కలదు. ధనాశచే దీపావళికి గుడ్లగూబలను బలియిచ్చువారు నేటికిని దేశమందున్నారని 2010లో ట్రాఫిక్ ఇండియా సంస్థ నివేదిక తెలిపినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ పక్షిని పట్టుట, అమ్ముట నేరము. చట్టము మాట అటుంచుడు. ఆ అమావాస్య పావాపురిలో మహావీరస్వామి నిర్వాణమొందిన రాత్రి! మనము క్రొత్త చోపడా తెరచు రాత్రి! అహింసామూర్తిని స్మరించు ఘడియలో ఒక ప్రాణి రక్తముతో లక్ష్మిని పిలువవచ్చునా?

“గుడ్లగూబ మాంసాహారి గదా, దానిని కాచినచో ఎలుకల హింసలో మనకు పాలు రాదా?” అని అడుగుదురు. చేయుట, చేయించుట, అనుమోదించుట అని హింస మూడు విధములు. పక్షి తన స్వభావముచే వేటాడును. మనము చేయుట లేదు, చేయించుట లేదు. కాని “మంచిది, గోదాములో ఎలుకలు తగ్గినవి” అని మురిసితిమా, అనుమోదన దోషము తగులును. కాన లాభము కొరకు గాక, అభయదానముగానే గూటిని కాపాడవలెను. ఎలుకలకు విషము పెట్టుట మాత్రము మన చేతి హింసయే. ఆ ఎలుకను తిన్న పక్షియు చచ్చును. ఒక పాపము రెండగును.

చూచుటకును యత్నాచారము వలయును. దూరముననే నిలువవలెను. దీపము వేయరాదు, పిల్లలను ముట్టరాదు. గ్రుడ్లు పొదుగుటకు సుమారు నెల పట్టును. మొదటి గ్రుడ్డు నాటినుండియే పొదుగును గనుక పిల్లలు చిన్న పెద్దలుగా నుండును. పిమ్మట రెండు నెలలకు అవి ఎగురును. సందును శుభ్రము చేయుట అప్పుడే. పిల్ల క్రిందపడి గాయపడినచో అటవీశాఖకు తెలుపుడు.

ఆత్మ స్వభావము తెలియుట, చూచుట. రాగము లేక, ద్వేషము లేక ఒక గూటిని చూడగలిగిన ఘడియ సామాయికమునకు దగ్గరిది.

ఈ దీపావళికి ఒక నియమము గైకొందము: మన కప్పు క్రింద చేరిన గూటిని పిల్లలెగురు వరకు కదల్పము, గోదాములో విషము పెట్టము.

జయ జినేంద్ర.