వెనక కనిపించే ఇల్లు

తెలుగిళ్లలో ముందుగది వచ్చేపోయేవాళ్లది. సోఫా మీద ఉతికిన కవర్లు, టీవీ పక్కన పిల్లల కప్పులూ షీల్డులూ, గోడకు పెద్ద పెళ్లి ఫొటో అన్నీ అక్కడే ఉంటాయి. లోపలి గది ఇంటివాళ్లది. అందులో బీరువా, బీరువా మీద సూట్‌కేసులు, వాటి మీద ఎప్పటిదో కూలర్ అట్టపెట్టె, మంచం కింద బియ్యం డబ్బా, కిటికీ ఊచ నుంచి తలుపు మేకు దాకా కట్టిన దండెం. చుట్టాలొస్తున్నారంటే ఆ గది తలుపు దగ్గరగా వేసేస్తారు. 2020 మార్చి 25న దేశమంతా కోవిడ్ లాక్‌డౌన్ మొదలయ్యాక ఉద్యోగస్తులు కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నది ఎక్కువగా ఆ లోపలి గదిలోనే. తలుపు వేసుకునే వీలున్నది దానికే మరి. ఎవరి కంటా పడకూడదనుకున్న గది రాత్రికి రాత్రే క్లయింటుకు కనిపించే గది అయింది.

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ జట్టులో ఉన్నాను. ఏళ్ల తరబడి పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ల గురించి నాకు తెలిసింది వాళ్ల టిఫిన్ బాక్సులో కూర వరకే. వాళ్ల ఇళ్లు లాక్‌డౌన్ నాటి వీడియో కాల్స్‌లోనే చూశాను. ఒకతని వెనక వెంకట్రామా క్యాలెండరు, తేదీల మీద పాల లెక్కకు గీసిన పెన్సిలు గీతలు. ఇంకొకామె వెనక కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన జాకెట్లు. తన ఇంజనీరింగ్ ఫీజులు అమ్మ ఆ మిషను మీదే కట్టిందని ఆమె ఒకరోజు మామూలుగా చెప్పింది. ఆఫీసులో అయితే ఆ మాట వచ్చే సందర్భమే లేదు. మిషను కనబడింది గనక వచ్చింది.

జట్టులో ఒక కుర్రాడు పుంగనూరు దగ్గర వాళ్ల ఊరికి వెళ్లిపోయాడు. చింతపండు ఇంటికొచ్చే కాలమది. వాళ్లవ్వ గోడవారన గోనెపట్టా పరుచుకుని, కాయను రాతి మీద పెట్టి చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేసి, గింజ పక్కకూ పండు చేటలోకీ వేస్తుండేది. అతను మైకు తీసినప్పుడల్లా ఆ దెబ్బ మాకూ వినిపించేది. ఒకరోజు అతను లాప్‌టాప్ ఇటు తిప్పేసరికి తెర మీద మేమంతా ఆమె కంటబడ్డాం. సుత్తి పక్కన పెట్టింది. కొంగు భుజం నిండా కప్పుకుంది. గోడ పట్టుకుని మెల్లగా లేచి నిలబడి, “అన్నాలు తింటిరా నాయనా అందరూ?” అంది. కాల్‌లో వేరే దేశంలో ఉన్న క్లయింటు కూడా ఉన్నాడు. ఆ ప్రశ్న అతన్నీ కలుపుకునే అడిగింది. కుర్రాడు సిగ్గుపడి “అవ్వా, మీటింగు” అన్నాడు. ఆమెకు అదేమీ పట్టలేదు. మా జవాబు కోసం అలాగే నిలబడింది.

ఆ పూట సంగతి నాకు ఇప్పటికీ గుర్తుకొస్తూ ఉంటుంది. ఆ కుర్రాడు ఆఫీసుకు వచ్చాడని మేమంతా అనుకుంటున్నాం. మేమే వాళ్లింటికి వచ్చామని ఆమె అనుకుంది. ఆమె అనుకున్నదే నిజమని నా నమ్మకం. గది వాళ్లది, కరెంటు వాళ్లది, ఆ గంటసేపు నిశ్శబ్దం కూడా ఇంట్లో నలుగురూ గొంతు తగ్గించుకుని ఇచ్చింది. వచ్చినవాళ్లం మేం. ఒకరింటికి వెళ్లినప్పుడు చెప్పులు బయట విప్పుతాం, లోపలి గదిలోకి తొంగిచూడం, పెద్దవాళ్లు కనిపిస్తే పలకరిస్తాం. ఈ మర్యాదలన్నీ కాల్ అనేసరికి వర్తించవని ఎవరు చెప్పారు?

ఆఫీసు అనే ఏర్పాటు మొదటినుంచీ ఒక ఊహ మీద నడిచింది. ఉద్యోగి పొద్దున తొమ్మిదింటికి ఇస్త్రీ బట్టల్లో, కడుపు నిండి, ఏ బంధమూ లేని మనిషిలా వచ్చి కూర్చుంటాడు. ఆ ఇస్త్రీ ఎవరు చేశారు, ఆ బాక్సు ఎవరు కట్టారు, జ్వరంతో ఉన్న పిల్లను ఎవరు ఎత్తుకున్నారు అన్నవి దాని లెక్కల్లోకి రావు. కెమెరా వాటిని చూపించింది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేరే అయిన ఇళ్లలో తలుపున్న గది ఎవరికి దక్కిందో వెనక గోడే చెప్పేది. ఆయన వెనక మూసిన తలుపు. ఆమె వెనక వంటగట్టు, కుక్కరు, అటూ ఇటూ తిరిగే అత్తమామలు. ఆమె కూర్చున్నది డైనింగ్ టేబుల్ దగ్గర. విజిల్ వచ్చినప్పుడల్లా మ్యూట్ నొక్కేది, మళ్లీ తీసి అదే వాక్యం అక్కడినుంచే అందుకునేది.

కనిపించినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. 2017 మార్చి 10న రాబర్ట్ కెలీ అనే ప్రొఫెసర్ దక్షిణ కొరియాలోని బుసాన్‌లో తన ఇంటినుంచి బీబీసీతో మాట్లాడుతున్నాడు. నాలుగేళ్ల కూతురు తలుపు తోసుకుని నడిచొచ్చింది. వెనకే చక్రాల నడకబండిలో పసివాడు. వాళ్ల వెనక తల్లి పరుగున వచ్చి ఇద్దర్నీ లాక్కుపోయింది. లోకమంతా ముచ్చటపడి చూసిన దృశ్యమది. కానీ చూసినవాళ్లలో చాలామంది ఆమెను ఆయా అనుకున్నారు. ఆమె ఆయన భార్య. తెల్లాయన వెనక ఒక ఆసియా స్త్రీ పరుగెత్తుతూ కనిపిస్తే పనిమనిషే అయ్యుంటుందని కళ్లు ముందే తేల్చేశాయి. పెచ్చులూడిన గోడ చూసి మనిషి పనితనాన్ని అంచనా వేసే కళ్లు మన దగ్గరా ఉన్నాయి.

అందుకే తమ వెనక ఉన్నదాన్ని దాచుకునేవాళ్లను నేను తప్పుపట్టను. 2011 జనగణన ప్రకారం మన దేశంలో దాదాపు 37 శాతం కుటుంబాలు ఒక్క గదిలో బతుకుతుండేవి. అలాంటి ఇంట్లో ఆన్‌లైన్ క్లాసుకు కూర్చున్న పిల్లవాడి వెనక స్నానం చేసొచ్చిన అక్క ఉంటుంది, పడుకున్న తాత ఉంటాడు, పొయ్యి ఉంటుంది. “కెమెరా ఆన్ చెయ్యి” అని టీచరు అన్నప్పుడు నెట్ సరిగా లేదని వాడు చెప్పే అబద్ధం ఇంటి పరువు కోసం చెప్పింది. దాన్ని అబద్ధంగా లెక్కకట్టడం నాకు చేతకాదు.

అలా దాచుకోవడానికి వాడే బ్లర్ గురించి ఒక సంగతి చెప్పాలి. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో 2018లో వచ్చిన బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ వెనక శ్వేత మాచనవఝల అనే ఇంజనీరు కృషి ఉంది. ఆమెకు వినబడదు. ఎదుటివాళ్ల పెదాల కదలికను బట్టి మాట పట్టుకుంటారు. వెనక ఉన్న వెలుతురూ సామానూ కంటిని లాగేస్తుంటే పెదాలు అందవు. వెనకదంతా మసకబారిస్తే ముఖం తేటపడుతుంది. ఎదుటి మనిషి మాట పూర్తిగా అందుకోవాలన్న ఆరాటంలోంచి పుట్టిన సదుపాయం ఇది. మన చేతుల్లో తలుపు తెర అయింది. ఆ పనికీ అది కావలసిందే.

కానీ బ్లర్ పెట్టుకున్న తల్లి ఒళ్లో పిల్ల కూర్చున్నప్పుడు గమనించండి. పిల్ల తల ఒకసారి కనిపిస్తుంది, మరుక్షణం గోడలో కలిసిపోతుంది, మళ్లీ చెయ్యి ఒక్కటే పైకి తేలుతుంది. ఏది మనిషి, ఏది వెనక ఉన్నది అని ప్రోగ్రాం క్షణక్షణం లెక్కేస్తూనే ఉంటుంది. ఆ పిల్ల ఎటువైపో దానికి తేలదు. తల్లికి మాత్రం ఏ అనుమానమూ ఉండదు.

2021 మే నెల, కోవిడ్ రెండో వేవ్. మా జట్టులో ఒకతను కొన్నాళ్లు సెలవు పెట్టాడు. కారణం “ఇంట్లో పని” అని రాశాడు. తిరిగి వచ్చిన రోజు అతని వెనక గోడ మీద, అంతకుముందు క్యాలెండరు ఉన్న చోట, వాళ్ల నాన్నగారి ఫొటో ఉంది. చందనం దండ, బొట్టు, పైన ఎర్రటి జీరో బల్బు. అతను ఏమీ అనలేదు. తెర మీద ఉన్న అందరికీ ఆ ఫొటో కనిపించింది. అంతసేపూ ఎవరి పని ఎంతవరకొచ్చిందో చెప్పే స్టేటస్‌లు నడిచాయి. మర్నాటినుంచి అతను బ్లర్ పెట్టుకున్నాడు. ఆ ఫొటో అతను దాచాలనుకుని మొదటిరోజు మరిచాడో, చెప్పడానికి నోరు రాక చూపించాడో నాకు తెలియదు. ఆ నాన్నగారు అంతకుముందు ఏడాదంతా అదే గదిలో, పేపరు చప్పుడు కాకుండా మడుచుకుంటూ, కొడుకు మీటింగు అయ్యేదాకా దగ్గు ఆపుకుంటూ కూర్చోవడం మేమంతా చూశాం. మా పని గడిచిందంటే అందులో ఆయన పాలూ ఉంది.

మీటింగులు నడిపేవాళ్లకు నాదొక విన్నపం. కెమెరా ఆన్ చేయమని ఎవర్నీ నిలదీయకండి. బ్లర్ తీయమని అసలు అడగొద్దు. ఎవరైనా తమంతట తాము తెర తీసి ఇల్లు కనిపించనిస్తే, అందులో ఒక పెద్ద మనిషి ఎదురుపడితే, ముందు నమస్కారం చెప్పండి. దండ వేసిన కొత్త ఫొటో కనిపిస్తే ఆ కాల్ ముగిశాక అతనొక్కడికే ఫోన్ చేసి, ఏం జరిగిందని అడగండి. స్టేటస్ రేపు కూడా చెప్పుకోవచ్చు.