ఇచ్చే చేతికి ఏ షరతు?

అమెరికాలో ప్రభుత్వ గృహాల్లో ఉండేవాళ్లది ఒక వింత ఇరకాటం. నాలుగు డాలర్లు ఎక్కువ సంపాదిస్తే అద్దె కూడా పెరుగుతుంది. మినహాయింపులు పోగా మిగిలిన ఆదాయంలో 30 శాతం అద్దెగా కట్టాలన్నది అక్కడి సాధారణ నియమం. ఆ లెక్కన నెలకు 1,000 డాలర్లు తెచ్చుకునే తల్లి 300 కడుతుంది. రాత్రి షిఫ్టుకు ఒప్పుకుని 1,600 తెచ్చుకుంటే 480 కట్టాలి. పన్నులు, బస్సు ఛార్జీలు, పిల్లల్ని చూసే మనిషికి ఇచ్చేది వేరే. ఈ లెక్కంతా వేసుకుని ఆమె ఆ షిఫ్టు వద్దనుకుంటే, అది సోమరితనమా?

1990లో అమెరికా కాంగ్రెస్ దీనికి ఒక ఉపాయం ఆలోచించింది. దాని పేరు ఫ్యామిలీ సెల్ఫ్ సఫిషియెన్సీ. ఇందులో చేరిన కుటుంబం ఐదేళ్ల ఒప్పందం మీద సంతకం పెడుతుంది. అద్దె పెరిగినా, ఆ పెరుగుదలకు సరిపడా సొమ్ము ఆ కుటుంబం పేరిట ఒక ఖాతాలో జమవుతుంది. పై ఉదాహరణలో అది నెలకు 180 డాలర్లు, మూడేళ్లకు 6,480. ఇక ఈ పథకానికి ప్రభుత్వం ఏటా ఇచ్చే గ్రాంటు కుటుంబాల చేతికి రాదు. చదువు, ఉద్యోగం, అప్పుల సంగతి పక్కన కూర్చుని చూసిపెట్టే కోఆర్డినేటర్ల జీతాలకు వెళ్తుంది.

సాయం మనిషిని నిలబెట్టాలన్నది కొత్త మాటేమీ కాదు. 12వ శతాబ్దపు యూదు తత్వవేత్త మైమోనిడెస్ దానానికి ఎనిమిది మెట్లు కట్టి, అప్పో పనో భాగస్వామ్యమో ఇచ్చి ఎదుటివాడికి చేయి చాచే అవసరం లేకుండా చేయడాన్ని అన్నిటికన్నా పైన పెట్టాడు. ఇస్లాం హదీసుల్లో ఒక కథనం ఉంది. యాచించడానికి వచ్చినవాడి ఇంట్లో ఉన్న గుడ్డనూ గిన్నెనూ ప్రవక్త రెండు దిర్హాములకు వేలం వేస్తారు. ఒకటి ఇంటి తిండికి, రెండోది గొడ్డలికి. ఆ గొడ్డలికి పిడి తానే బిగించి, కట్టెలు కొట్టుకోమని పంపిస్తారు. పదిహేను రోజుల్లో వాడు పది దిర్హాములు సంపాదిస్తాడు. ఈ కథలో శ్రమ ముందు ఎవరిది? ఇచ్చేవాడిదే. తైత్తిరీయోపనిషత్తు కూడా శ్రద్ధ, సిగ్గు, భయం వంటివన్నీ దాత నుంచే కోరింది.

నిజమే, అపాత్రదానం అంటూ పుచ్చుకునేవాణ్ణి తూచే అలవాటు మనకూ ఉంది. గీత పదిహేడో అధ్యాయం పాత్రుణ్ణి చూసి ఇమ్మంటుంది. అయితే అక్కడే, తిరిగి ఏమీ ఆశించకుండా ఇమ్మని కూడా అంటుంది. ఆ రెండో సగం ఎవరికీ గుర్తుండదు.

అమెరికా ఒప్పందం బరువంతా పుచ్చుకునేవారి మీదే మోపింది. సంతకం పెట్టిన పెద్ద ఉద్యోగం వెతుక్కోవాలి, గడువు ముగిసేనాటికి ఇంట్లో ఎవరూ నగదు సంక్షేమ సాయం తీసుకుంటూ ఉండకూడదు, తప్పితే ఖాతా పోతుంది. ఇంత చేసినా, ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ దేశవ్యాప్త అధ్యయనంలో ఈ పథకం వల్ల సగటు సంపాదన చెప్పుకోదగ్గంతగా పెరిగినట్టు తేలలేదు. అదే సంస్థ 1998 నుంచి పరిశీలించిన జాబ్స్-ప్లస్ అనే మరో పథకం కథ వేరు. పెరిగిన సంపాదనను అద్దె మింగేయకుండా చూడడం, ఉన్నచోటే ఉపాధి సాయం, ఇరుగుపొరుగు అండ, ఈ మూడూ పూర్తిగా అమలైన డేటన్, లాస్ ఏంజెలెస్, సెయింట్ పాల్‌లలో నివాసుల సంపాదన పెరిగింది. పూర్తిగా అమలు కాని చోట్ల ఆ ఫలితం లేదు. గొడ్డలికి పిడి బిగించిన చోటే కట్టెలు తెగాయి.

ఇంకో సంగతి. 1998 నాటి చట్టం ప్రకారం, ప్రభుత్వ గృహాల్లో పని లేకుండా ఉన్న పెద్దలు నెలకు 8 గంటలు సమాజసేవ చేయాలి. వృద్ధులకూ దివ్యాంగులకూ మరికొందరికీ మినహాయింపు. సొంతిల్లు కొని, గృహరుణం వడ్డీపై పన్ను రాయితీ పొందేవారూ ప్రభుత్వ సాయంతోనే ఇంట్లో ఉంటున్నారు. వాళ్లను సేవ చేయమని ఏ చట్టమూ అడగలేదు, స్వావలంబన ఒప్పందమూ రాయించుకోలేదు. పేదవాడికి ఇస్తే దానం, మధ్యతరగతికి ఇస్తే హక్కు అన్న ఈ తేడాను ఏ ధర్మశాస్త్రంతో సమర్థిస్తారో చూడాలి.

2022లో ఫ్యామిలీ సెల్ఫ్ సఫిషియెన్సీ నిబంధనలు కొంత మారాయి. ఇంటిపెద్దే కాక కుటుంబంలో మరో పెద్ద కూడా సంతకం పెట్టవచ్చు. ఒప్పందం తప్పినవారి ఖాతా సొమ్మును ఆ ఇళ్లను నడిపే గృహసంస్థ తన ఖర్చులకు కాక, పథకంలో ఉన్న ఇతర కుటుంబాల కోసమే వాడాలి. పోగొట్టుకున్న కుటుంబానికి మాత్రం అందులో పైసా రాదు.