హేమంత ఋతువు అనే ఒక్క మాట

పుష్యమాసం, తెల్లవారుజాము. బెజవాడ సత్యనారాయణపురంలో ఒక పూజగది. దీపం కొండెక్కుతుందని ఫ్యాను ఆపేశారు. పీట మీద కూర్చున్న పెద్దాయన ఆచమనం చేసి సంకల్పం మొదలుపెట్టారు. ద్వీపం, వర్షం, ఖండం దాటుకుంటూ కృష్ణా గోదావరుల మధ్య ప్రదేశానికి వచ్చి, సంవత్సరం పేరు, అయనం చెప్పి, "హేమంత ఋతౌ" అన్నారు. కిటికీ మూసిన గదిలో ఉక్కపోతకు అప్పటికే ఆయన వీపు మీద ఉత్తరీయం తడిసింది. పక్కన కూర్చున్న మనవరాలు ఉండబట్టలేక అడిగింది. "తాతయ్యా, హేమంతమంటే చలికాలమేగా?"

"అవునమ్మా. ఉండు, పూజయ్యాక చెబుతా" అన్నారాయన.

పూజయ్యాక ఏం చెప్పాలి? ప్రశ్న పసిపిల్లదే గానీ చిన్నది కాదు. సంకల్పం ఒక రకంగా వాఙ్మూలం. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ ఫలం కోరి ఈ పని చేస్తున్నారో దేవుడి ఎదుట చెప్పుకోవడం. చోటు విషయంలో దానికి ఎంత పట్టింపంటే, కిలోమీటరుకు కాస్త పైగా ఉన్న ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లి వైపు దిగితే చాలు, మాట మారిపోతుంది. అక్కడివాళ్ళు కృష్ణా కావేరుల మధ్య ప్రదేశం అంటారు. ఏ ఒడ్డున ఉన్నామో ఇంత నిక్కచ్చిగా చెప్పించే మంత్రం, లేని చలిని ఉన్నట్టు చెప్పిస్తుందా?

నిజానికి కృష్ణా డెల్టాలో చలి ఎప్పుడూ చుట్టపుచూపుగానే వచ్చి వెళ్ళింది. జనవరిలో కూడా బెజవాడ రాత్రులు 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటాయి. తీరప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగి, అది మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలైనా తక్కువగా ఉంటే గానీ వాతావరణ శాఖ శీతల గాలులని ప్రకటించదు. అందుకే ఇల్లంతా వెచ్చబెట్టుకునే ఏర్పాటు ఇక్కడ ఏ కాలంలోనూ లేదు. మండువా ఇళ్ళు గాలీ వెలుతురూ ఆడటానికి కట్టుకున్నవి. వెచ్చదనం కావలసింది ఒంటికే గాని ఇంటికి కాదు. బాలింత గదిలో కుంపటి, తలంటి పోసిన పసిబిడ్డకు సాంబ్రాణి పొగ, పెరట్లో కాగు కింద తాటిమట్టలు, కళ్ళంలో ధాన్యం కాపలా ఉన్నవాళ్ళకు నెగడు. అంతే.

కాగు పోయి గీజరు వచ్చింది. ఇప్పుడు దాని మీట వేయకుండానే కొన్ని తెల్లవారుజాములు గడిచిపోతున్నాయి. రగ్గులు బీరువా అడుగునే ఉండిపోతున్నాయి. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశమంతటికీ అత్యంత వేడి సంవత్సరం 2024 అని వాతావరణ శాఖ తేల్చింది. దుప్పటి పలచబడితే సుఖమేగా అనుకోవచ్చు. కరెంటు బిల్లు వరకైతే సుఖమే.

వ్రతాల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ధనుర్మాసమంతా వేకువనే లేచి, స్నానం చేసి, తిరుప్పావై ముప్పై పాశురాలు రోజుకొకటి చొప్పున చదువుకుంటారు. ఆ పాశురాలు పాడిన గోదాదేవి కథను తెలుగులో చెప్పమని ఆంధ్రమహావిష్ణువు శ్రీకృష్ణదేవరాయలకు కలలో కనిపించింది ఈ డెల్టాలోనే, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళంలో అని ఆముక్తమాల్యద చెబుతుంది. మార్గశిరంలో ఎర్రబట్టల భవానీలు ఇంద్రకీలాద్రి చుట్టూ గిరిప్రదక్షిణ చేసి దీక్ష విరమిస్తారు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళకైనా, భవానీ మాల వేసుకున్నవాళ్ళకైనా చన్నీటి స్నానం నియమం. ఒకప్పుడు మొదటి చెంబు నెత్తిన పడగానే శరణుఘోష దానంతటదే గొంతులోంచి తన్నుకొచ్చేది. నీళ్ళే చల్లగా లేనప్పుడు ఆ నియమంలో ఏం మిగిలింది?

దీనికి గీత రెండో అధ్యాయంలో సమాధానం ఉంది. చలీ వేడీ వస్తాయి, పోతాయి, ఓర్చుకో అని అర్జునుడికి కృష్ణుడు చెప్పాడు. ఇందులో ఆలోచించవలసింది "వస్తాయి" అన్న మాట గురించి. పిలవకుండా వచ్చినదాన్ని ఓర్చుకోవడమే తితిక్ష. చలిని వెతుక్కుంటూ పోయి వణకమని ఆయన అనలేదు. ఫ్రిజ్‌లో నీళ్ళు తెచ్చి నెత్తిన పోసుకుంటే పట్టుదల అవుతుందేమో, తితిక్ష కాదు. ఆ మాటకొస్తే ఈ ఊళ్ళో తితిక్షకు అసలు పరీక్ష మే నెలలో, 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో ఎప్పుడూ ఉండనే ఉంది. కాబట్టి చలి తగ్గినంత మాత్రాన దీక్షకు లోటు రాదు.

పంచాంగం ఎరిగినవారు ఇంకో సమాధానం చెబుతారు. సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం ఉత్తరాయణ పుణ్యకాలమనే మకర సంక్రాంతి వచ్చేది జనవరి 14, 15 తేదీల్లో. సుమారు 1,700 ఏళ్ళ కిందట ఈ రెండూ ఒకే రోజున పడేవి. అయనచలనం వల్ల 72 ఏళ్ళకో రోజు చొప్పున జరుగుతూ ఇంత దూరం వచ్చాయి. మేఘనాద్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం దీన్ని సరిదిద్దాలని చూసింది. 1957లో జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది కూడా. జనం మాత్రం సంక్రాంతిని కదపలేదు. ఆకాశంతోనే ఇన్ని రోజుల ఎడం ఉన్నా భోగిమంట ఆరలేదు, చలి తగ్గితే ఆరుతుందా అని వారి వాదం.

వాదం బలమైనదే. అయినా మనసుకు పూర్తిగా ఆనదు. అయనచలనం ఎవరి చేతిలోనూ లేదు. భూమి ఇరుసు తిరిగే తీరు అది. చలికాలం పలచబడటంలో మనిషి పొగ ఉంది. అందుకని హేమంతాన్ని ఉత్త పేరుగా తీసుకుని ఊరుకోవడం కుదరదు.

జపాన్‌లో సువా అనే సరస్సు ఉంది. గట్టి చలికాలంలో అది గడ్డకట్టి, మంచు పగిలి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు గట్టులా లేస్తుంది. దేవుడు ఆవలి ఒడ్డున ఉన్న దేవేరిని చూడటానికి నడిచి వెళ్ళిన దారి అదేనని అక్కడివారి నమ్మిక. ఆ దారి పడిందీ లేనిదీ 1443 నుంచి రాసి పెడుతున్నారు. ఈ మధ్య చాలా చలికాలాలు దారి పడకుండానే గడిచాయి. అయినా అర్చకుడూ ఊరివాళ్ళూ జనవరిలో చీకటితోనే ఒడ్డుకు వెళ్తారు, నీళ్ళు చూస్తారు, తెరిచిన సముద్రం అని రాసుకుని వస్తారు. దేవుడు నడవని ఏడు కూడా వాళ్ళ పుస్తకంలో ఉంది.

సంకల్పంలో హేమంతాన్ని అలా చూడాలనిపిస్తుంది. ఆ మాట రోజూ అనేవాడికే అది రాలేదని ముందుగా తెలుస్తుంది. అనడం మానేసినవాడికి జనవరి ఇంకో నెల, అంతే.

భోగి నాడు దీన్ని కళ్ళారా చూడవచ్చు. చలి బాగా ఉన్న ఏడు మంట చుట్టూ వలయం చిన్నది. భుజాలు రాసుకుంటూ నిలబడతారు, పిల్లలు పిడకల దండలు పెద్దల చేతుల కిందనుంచి దూరి వేస్తారు. మంట మీద కాగిన నీళ్ళతో తలంట్లు పోస్తుంటే ఇంకో చెంబు పొయ్యమంటారు. చలి లేని ఏడు సెగకు ఒక్కో అడుగే వెనక్కి వేస్తారు. వలయం పెద్దదవుతుంది, మనుషుల మధ్య సందులు పడతాయి, కబుర్లు తగ్గుతాయి. చలి పోయినప్పుడు దానితో పోయేది ఆ దగ్గరితనం. మంత్రంలో దానికి మాట లేదు.

పొలాల్లో ఇది ఇంకా కరుగ్గా తెలుస్తుంది. నూజివీడు తోటల్లో మామిడి పూతకు చల్లని రాత్రులు కావాలి. అవి లేకపోతే పూత రావలసిన కొమ్మన చిగురు వస్తుంది. దివిసీమలో వరి కోతకు నాలుగు రోజుల ముందే మినుములు చల్లుతారు. కోత అయ్యాక ఆ పైరు నేలలో మిగిలిన తడితో, రాత్రి కురిసే మంచుతో బతకాలి. సంక్రాంతి వెళ్ళిన మర్నాడు రైతు చెప్పులు గట్టు మీద విడిచి చేలోకి దిగుతాడు. మినుము ఆకుల మధ్య నాలుగడుగులు వేసి, వంగి, పాదాలు తడిశాయా లేదా అని తడిమి చూసుకుంటాడు.