పద్దు పుస్తకంలోని మంచితనం

గుంటూరు పట్నంబజారుకు పాతకళ తప్పిందని విచారించేవారు యీమధ్య ఎక్కువయ్యారు. లక్ష్మీపురంలో అద్దాల కొట్లు వెలిశాక తరాలనాటి దుకాణాలు ఒకటొకటే తలుపులు మూస్తున్న మాట నిజమే. ఆనాటి షావుకారు మనిషిని చూసి అరువిచ్చేవాడు, యీనాటి కొట్టు కార్డును చూసి సరుకిస్తుంది అంటారు వారు. యీ విచారంలో మనమూ పాలుపంచుకోవలసిందేనా?

మన మిత్రులు కొందరు దీనికి క్షణంలో జవాబు చెబుతారు. 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళికలోనే, కూలి చేతబట్టుకుని బయటికి వచ్చిన కార్మికుడిమీద పడేవారిలో ఇంటి యజమానితోపాటు దుకాణదారు కూడా వున్నాడు. పెద్ద పెట్టుబడి పోటీకి నిలవలేక ఆ దుకాణదారే చివరకు కార్మికులలో కలిసిపోతాడని కూడా అందులోనే వుంది. కనుక ఏడవ పనిలేదంటారు. అయితే 2012లో కేంద్రం బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు, సెప్టెంబరు 20 బందులో మనం ఆ దుకాణదారు పక్కనే నిలబడ్డాం. అది ఎత్తుగడ మాత్రమేనా, లేక అతనికి మనం నిజంగా ఏమైనా బాకీ వున్నామా?

నా మటుకు యీ ప్రశ్న పుస్తకాలలోనుంచి రాలేదు. మా నాన్న మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసేవాడు. విత్తనాలు, పురుగుమందులు పట్నంబజారులో ఒక షావుకారు దగ్గర అరువుకు తెచ్చేవాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. కాయ కోసి, కళ్లంలో ఆరబెట్టి, టిక్కీలు తొక్కించాక, యార్డులో ఆయన అన్నదమ్ములు నడిపే కమీషన్ కొట్టుకే తోలాలి. కాగితంమీద రాసుకున్నది లేదు, అయినా తోలాలి. ధర అడిగే నోరు అప్పుతోనే తాకట్టుపడింది. తాలుకింద కొంత, తరుగుకింద కొంత, కమీషన్ కింద కొంత పోను మిగిలింది పద్దులో జమ. కొన్నేళ్లు ఆ జమ వడ్డీకే సరిపోయేది. ధర పడిపోతే సరుకు శీతల గిడ్డంగిలో పెట్టుకుని ఆగగలవాడు షావుకారు. మా నాన్న ఆగలేడు.

ఒక రాత్రి మా అమ్మకు కడుపునొప్పి వచ్చి, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. నాన్న పరుగెత్తింది షావుకారు యింటికే. ఆయన నిద్రలేచి, గల్లాపెట్టె తెరిచి, కాగితం అడగకుండా డబ్బిచ్చాడు. ఆస్పత్రిదాకా తానూ వచ్చాడు. అమ్మ బతికింది. మర్నాడు ఆ మొత్తం పద్దు కెక్కింది, అదే రెండు రూపాయల వడ్డీతో.

డిగ్రీ చదివే రోజుల్లో నాన్నతో వాదించాను. "నిన్ను దోచినవాడికి చేతులెత్తి మొక్కుతావేం?" అన్నాను. "లెక్కలు నాకూ వచ్చురా అబ్బాయ్. ఎంత తిన్నాడో నీకంటే నాకే బాగా తెలుసు. అయినా ఆ రాత్రి తలుపు తీసింది ఆయనే" అన్నాడు.

ఆ మాట భూస్వామ్య సంస్కారపు అవశేషమని చాలాకాలం అనుకున్నాను. యిప్పుడలా అనుకోవడం లేదు. తలుపు తీసిన మనిషి వేరు, వడ్డీ రాసిన వ్యవస్థ వేరు అని చెప్పి తప్పించుకోవడానికీ వీల్లేదు. రెండూ ఒకే చేతి పనులు. ఆపదలో బీదవాడికి మరో తలుపు తెరుచుకోనంతకాలం (కౌలుదారుకు బ్యాంకులో అప్పు పుట్టడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?) షావుకారు మంచితనమే అతని వ్యాపారానికి పెట్టుబడి. అంతమాత్రాన అది మంచితనం కాకుండా పోదు. పాత బజారును తలచి కన్నీరు పెట్టేవారు మొదటి సంగతి మరుస్తారు. రెండవది మరిచేది మనం.

అద్దాల కొట్టులో యీ చిక్కు లేదు. బిల్లు కొట్టే అమ్మాయి పొద్దుటినుంచీ నిలబడే వుంటుంది. నెలజీతం లెక్చరర్నయిన నేను నాలుగు రూపాయలు తగ్గుతాయని అక్కడే కొంటున్నాను. ఆమె పేరైనా అడగను. ఆమెకు ఆపద వస్తే ఎవరి తలుపు తట్టాలి?

మూడేళ్లకిందట ఆ షావుకారు పోయాడు. కొడుకులు దుకాణం అమ్మేశారు. పద్దులో యింకా పదకొండు వేలు మిగిలాయని నాన్న లెక్క. ఆ డబ్బు పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పెద్దకొడుకు దగ్గరికి వెళ్లాడు. "పాత పుస్తకాలన్నీ తూకానికి అమ్మేశాం బాబాయ్, యిప్పుడవెందుకు?" అన్నాడతను. ఆ డబ్బు నాన్న యింట్లో ఖర్చుపెట్టనివ్వలేదు. కౌలురైతుల సంఘానికి యిద్దామని నేనంటున్నాను. ఆయన యింకా ఒప్పుకోలేదు.