వెల చెల్లించిన అతిథి: ఆతిథ్యధర్మం, అద్దెగది

ఇంటికి వచ్చినవారికి అన్నం పెట్టి, పడక చూపి, అందుకు వెల తీసుకున్నప్పుడు ఆ పనిలో ధర్మం ఎంత మిగులుతుందన్న ప్రశ్న అతిథిసేవను బోధించే మతాలన్నింటికీ ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. యజమాని తాను నివసించే ఇంట్లోనే కొన్ని గదులను ప్రయాణికులకు అద్దెకిచ్చి, ఉదయం ఫలహారం కూడా పెట్టే వసతిని ఇంగ్లండులోనూ అమెరికాలోనూ బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ అంటారు. ఆ ప్రశ్న నేడు సూటిగా తలెత్తేది ఇటువంటి ఇంట్లోనే. హోటల్ యజమాని కాపురం వేరొకచోట ఉంటుంది కనుక అక్కడ అమ్ముడయ్యేది సౌకర్యమేనన్న విషయంలో ఎవరికీ సందేహం ఉండదు; ఇక్కడ మాత్రం గృహస్థు వంటగది, భోజనాల బల్ల, వసారా అన్నీ రోజువారీ ధరలో భాగమవుతాయి. విక్టోరియా రాణి పాలించిన 1837–1901 కాలపు ఇళ్లను బాగుచేయించి ఇటువంటి వసతిగృహాలుగా మార్చే పద్ధతి అమెరికాలో 1970ల తర్వాత బాగా వ్యాపించింది. ఒకప్పుడు గృహమంటే పవిత్రస్థలమని గట్టిగా నమ్మిన కాలపు ఇళ్లు అద్దెకు రావడం వల్ల ఈ చర్చకు మరింత పదును వచ్చింది.

ఆతిథ్యం అమ్మకానికి లొంగనిదన్న భావన భారతీయ సంప్రదాయంలో లోతుగా నాటుకుంది. గృహస్థు నిత్యం చేయవలసిన పంచమహాయజ్ఞాలలో అతిథిని ఆదరించడం ఒకటి. దానికి మనుష్యయజ్ఞమని పేరు. కఠోపనిషత్తులో యముడి ఇంట మూడు రాత్రులు ఆహారం లేకుండా నిరీక్షించిన నచికేతుడికి యముడంతటివాడు మూడు వరాలిచ్చి ఆ లోపాన్ని సరిదిద్దుకోవలసి వచ్చింది. మహాభారతంలోని అశ్వమేధపర్వంలో, కురుక్షేత్రంలోని ఒక పేద కుటుంబం ఆకలితో ఉండి కూడా తమ వంతు పేలపిండిని అతిథికి ఇచ్చిన దానికి ధర్మరాజు చేసిన అశ్వమేధమే సాటిరాలేదని ఒక ముంగిస తేల్చిచెబుతుంది. వచ్చినవాడి గోత్రాన్నీ చదువునూ అడగకుండా అతణ్ణి దైవంగా భావించాలని పరాశరస్మృతి విధించింది. క్రైస్తవంలో ఆరవ శతాబ్దికి చెందిన సన్యాసి బెనెడిక్ట్ రాసిన మఠనియమావళి, అతిథిని సాక్షాత్తు క్రీస్తుగా స్వీకరించమంటూ, ధనవంతులకు మర్యాద ఎలాగూ దక్కుతుంది కాబట్టి పేదల విషయంలో ఎక్కువ శ్రద్ధ చూపమని హెచ్చరిస్తుంది. ఈ బోధలన్నీ కలిపి చూస్తే ఆతిథ్యానికి మూడు అంగాలు కనిపిస్తాయి: వచ్చినవాడెవరని ఎంచకపోవడం, వచ్చినవాడిని శ్రద్ధగా చూడడం, ప్రతిఫలం ఆశించకుండా ఇవ్వడం.

మూడవ అంగానికి ఎక్కువ విలువనిచ్చిన సమాజాలు అన్నం అమ్ముకోవడాన్ని చిన్నచూపు చూశాయి. ఆపత్కాలంలో వర్తకంతో బతకవలసి వచ్చిన బ్రాహ్మణుడు సైతం అమ్మకూడని వస్తువుల్లో వండిన అన్నాన్ని మనుస్మృతి చేర్చింది. అయినా ఊరు కాని ఊరు వెళ్లినవాడికి ఆకలి వేయక మానదు కనుక, తెలుగునేలపై పూటకూళ్ల ఇళ్లు, అంటే పూటకింతని తీసుకుని భోజనం పెట్టే ఇళ్లు, వెలిశాయి. వినుకొండ వల్లభరాయని పేరు మీద ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో తిరిగే మిత్రులకు ఒక్క రూకకు కమ్మని భోజనం దొరికే పూటకూటి ఇంటి వర్ణన ఉంది. గురజాడ అప్పారావు కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మకు సొంత పేరంటూ లేదు. ఆమె వృత్తే ఆమె పేరైంది. ఊరివాళ్లు ఆమె చేతి అన్నం తిన్నారు గాని ఆమెకు గౌరవం ఇవ్వలేదు. వెల తీసుకున్న ఆతిథ్యం పట్ల సమాజానికి ఉన్న ద్వంద్వవైఖరి ఇదే: దాని అవసరాన్ని ఒప్పుకుంటుంది, దాని విలువను ఒప్పుకోదు.

విక్టోరియన్ ఇల్లు ఈ వ్యాపారంలోకి రావడం వెనుక ఆర్థిక కారణాలున్నాయి. న్యూజెర్సీ రాష్ట్రంలోని సముద్రతీర పట్టణం కేప్ మే ఇందుకు మంచి ఉదాహరణ. 1878లో అగ్నిప్రమాదం ఆ పట్టణంలో 30 ఎకరాలకు పైగా దహించివేయగా, ఆ తర్వాత చెక్క నగిషీలతో, విశాలమైన వసారాలతో తిరిగి కట్టిన ఇళ్లే నేటికీ దాని ప్రత్యేకతగా నిలిచాయి. 1962 మార్చిలో వచ్చిన పెనుతుఫాను పట్టణాన్ని దెబ్బతీసింది. పాత ఇళ్లను కూల్చి కొత్తవి కట్టాలన్న ఒత్తిడి పెరిగింది. 1879 నాటి ఎమ్లెన్ ఫిజిక్ భవనాన్ని కూల్చివేత నుంచి కాపాడేందుకు 1970లో పౌరులు ఒక సంస్థగా ఏర్పడ్డారు. 1976లో పట్టణానికి జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు లభించింది. 1872లో జూదగాళ్ల క్లబ్బుగా కట్టిన భవనం ఆ దశకంలోనే మెయిన్‌స్టే ఇన్ పేరుతో అతిథిగృహంగా మారింది. 1981 నాటి సమాఖ్య పన్ను చట్టం, గుర్తింపు పొందిన చారిత్రక భవనాన్ని బాగుచేసినవారికి ఖర్చులో 25 శాతాన్ని పన్ను నుంచి మినహాయించింది. 1986లో దాన్ని 20 శాతానికి తగ్గించారు. అయితే యజమాని కేవలం తన కాపురానికి ఉంచుకున్న ఇంటికి ఈ రాయితీ వర్తించదు, ఆదాయం తెచ్చే భవనానికే వర్తిస్తుంది. గృహం గృహంగా నిలవాలంటే దానిలో కొంతభాగమైనా వ్యాపారంగా మారాలని చట్టమే పరోక్షంగా నిర్దేశించిందన్నమాట.

ఇలా బాగుచేసిన ఇల్లు అతిథికి ఏ గతాన్ని చూపుతుందన్నది మరో నైతిక ప్రశ్న. ఆంగ్ల విమర్శకుడు జాన్ రస్కిన్ 1849లో ప్రచురించిన గ్రంథంలో, పునరుద్ధరణ పేరుతో పాత కట్టడాన్ని కొత్తగా చేయడం అసత్యమని వాదించాడు. ఫ్రెంచ్ వాస్తుశిల్పి వియొలె ల్ డ్యూక్ మాత్రం ఏ కాలంలోనూ ఉండి ఉండకపోయినా సరే, ఒక పరిపూర్ణరూపానికి భవనాన్ని తీసుకురావడమే పునరుద్ధరణ అని నిర్వచించాడు. ఈ వివాదం అతిథిగృహాలకు నేరుగా తగులుతుంది. విక్టోరియన్ సంపన్న గృహంలో ముందు హాలుకు వచ్చిన సందర్శకుడు తన పేరు అచ్చువేసిన చీటీని పనిమనిషి చేతికిచ్చి, ఇంటివారు అనుమతిస్తే లోపలికి వెళ్లేవాడు. వంటవాళ్లు, పనివాళ్లు వెనుకనున్న ఇరుకు మెట్లదారిలో తిరిగేవారు. హాలులోని పట్టుకుర్చీలను మాత్రం నిలబెట్టి, వెనుక మెట్లను సామాన్ల కొట్టుగా మార్చిన ఇల్లు, ఆ సౌఖ్యం ఎవరి శ్రమపై నిలిచిందో దాచిపెడుతుంది. అలనాటి ఇంటి ఆదరణలో వెల లేదు గాని ఎంపిక మాత్రం నిక్కచ్చిగా ఉండేది. ఆతిథ్యపు మూడు అంగాల్లో మొదటిది ఆ ఇంట్లో దాదాపు లోపించింది.

ధర్మశాస్త్రాలకూ ఈ లోపం తప్పలేదు. మనుస్మృతి బ్రాహ్మణుని ఇంటికి వచ్చిన క్షత్రియుణ్ణి అతిథిగా లెక్కించదు; వైశ్యశూద్రులకు సేవకులతో పాటు భోజనం పెట్టమంటుంది. తెలుగునాట ఉచితభోజనం పెట్టిన సత్రాల్లో అనేకం ఫలానా కులంవారికేనని శాసనాల్లోనో వీలునామాల్లోనో రాసుకున్నవే. ఉచితంగా ఇచ్చేవాడికి ఎవరికివ్వాలో నిర్ణయించే అధికారం కూడా చేతికి వస్తుంది. ఫ్రెంచ్ సామాజికశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో వెలువడిన తన వ్యాసంలో, కానుక పుచ్చుకున్నవాడు తిరిగి ఇచ్చేవరకు ఇచ్చినవాడికి లోబడి ఉంటాడని చూపించాడు. ఈ దృష్టితో చూస్తే వెల చెల్లించడానికి ఒక విమోచక గుణం ఉంది: చెల్లించిన అతిథి తలవంచుకుని ఉండనక్కరలేదు, యజమాని అభిరుచికి తన వంశమూ నడతా రుజువు చేసుకోనక్కరలేదు. లూకా సువార్తలోని మంచి సమరయుడి కథలో కూడా, దారిలో దెబ్బలు తిన్నవాణ్ణి ఎత్తుకొచ్చిన దయామయుడు సత్రంవాడికి రెండు దేనారాలిచ్చి, మిగతా ఖర్చు తిరుగు ప్రయాణంలో తీరుస్తానంటాడు. కథను వినేవారు సాధారణంగా మరిచిపోయే ఆ సత్రంవాడు వెల పుచ్చుకున్నవాడే. అతడి తలుపు తెరిచి ఉండకపోతే సమరయుడి కరుణ రోడ్డు పక్కనే ఆగిపోయేది.

వెల ఈ పనిని ఎంతదూరం చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో అమెరికా చరిత్ర చూపిస్తుంది. ప్రయాణికులకు వసతినిచ్చే వృత్తి చేపట్టినవాడు, గది ఖాళీగా ఉండి వచ్చినవాడు సొమ్ము చెల్లించగలిగితే నిష్కారణంగా తిప్పిపంపరాదన్నది ఇంగ్లండు నుంచి వచ్చిన పాత న్యాయసూత్రం. ఆచరణలో జాతివివక్ష దాన్ని మింగివేసింది. నల్లజాతి ప్రయాణికుడి చేతిలో డబ్బున్నా గది దొరికేది కాదు. 1936లో విక్టర్ హ్యూగో గ్రీన్ ప్రారంభించిన గ్రీన్‌బుక్ అనే ప్రయాణమార్గదర్శి, నల్లవారిని స్వీకరించే హోటళ్లతో పాటు టూరిస్ట్ హోములను, అంటే అద్దెకు గదులిచ్చే మామూలు కాపురపు ఇళ్లను, ఊరూరా జాబితాగా ఇచ్చింది. రాత్రి చీకటిపడ్డాక ఊళ్లో ఉండటమే ప్రమాదమైన ప్రయాణికులకు ఆ ఇళ్లలో వెల చెల్లించి పొందిన పడక, ఏ దానానికీ తీసిపోని రక్షణ ఇచ్చింది. 1964 పౌరహక్కుల చట్టం వసతిగృహాల్లో జాతి, వర్ణ, మత వివక్షను నిషేధించింది గాని, యజమాని స్వయంగా నివసిస్తూ ఐదు గదులకు మించకుండా అద్దెకిచ్చే ఇంటిని మినహాయించింది; ఒక ఊహాత్మక ఇంటి యజమానురాలి పేరు మీద దీన్ని మిసెస్ మర్ఫీ మినహాయింపు అంటారు. ఇల్లు ఎక్కడ ఆగి దుకాణం ఎక్కడ మొదలవుతుందో చెప్పలేక చట్టం గదులు లెక్కపెట్టిందన్నమాట.

గృహస్థు మతవిశ్వాసం అడ్డొచ్చినప్పుడు ఈ సమస్య మరింత చిక్కుపడుతుంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో తమ ఇంట్లోనే గదులు అద్దెకిచ్చే క్రైస్తవ దంపతులు, వివాహితులకు తప్ప ఇతరులకు ఒకే పడక ఉన్న గదులు ఇవ్వమన్న నియమం పెట్టుకుని, 2008లో ఇద్దరు పురుషుల జంటకు గదిని నిరాకరించారు. 2013లో బ్రిటన్ సుప్రీంకోర్టు యజమానుల అప్పీలును కొట్టివేసింది. ఆ దంపతుల విశ్వాసం బూటకమని ఎవరూ అనలేదు. తలుపు మీద ధరల పట్టిక పెట్టినవారు ఎంపిక చేసుకునే హక్కును చాలావరకు వదులుకున్నట్టేనన్నది ఆ తీర్పు వెనుకనున్న తర్కం. మతదృష్టితో చూసినా ఆ తర్కానికి బలముంది. ఎందుకంటే గోత్రం అడగవద్దన్న పరాశరుడి విధి, తనకు నచ్చినవాడి విషయంలో కాక నచ్చనివాడి విషయంలోనే పరీక్షకు నిలుస్తుంది. స్నేహితుణ్ణి ఆదరించడానికి శాస్త్రం అవసరం లేదు.

ఇంత చెప్పినా రెండు గట్టి అభ్యంతరాలు మిగులుతాయి. మొదటిది శ్రద్ధకు సంబంధించింది: విమానాల్లో పరిచారికల పనిని పరిశీలించిన అమెరికన్ సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో, చిరునవ్వు కూడా జీతానికి చేసే పనిగా మారినప్పుడు మనిషి తన భావాలకు తానే పరాయివాడవుతాడని వాదించింది. తెల్లవారుజామున లేచి ఫలహారం వండి, ప్రతి అతిథి ముందూ ఉత్సాహంగా కనిపించవలసిన గృహిణికి ఈ ప్రమాదం తప్పదు. అయితే వైద్యుడూ గురువూ కూడా ప్రతిఫలం తీసుకునే శ్రద్ధ చూపుతారు. వెల వల్ల శ్రద్ధ అబద్ధం కాదు, కొలతకు మించిన నటనను డిమాండ్ చేసినప్పుడే అబద్ధమవుతుంది. రెండవ అభ్యంతరం మరింత బలమైనది: జాక్ డెరిడా అనే తత్త్వవేత్త షరతులు లేని ఆతిథ్యం గురించి చెప్పినప్పుడు, పేరైనా అడగకుండా తలుపు తెరవడమే దాని ఆదర్శమన్నాడు, ధరల పట్టిక పేరు అడగకపోయినా సొమ్ము అడుగుతుంది. చెల్లించలేనివాడు గడప దాటలేడు. ఈ పరిమితిని ఏ వాదమూ తుడిచివేయలేదు.

కాబట్టి వెల ఆతిథ్యాన్ని చంపుతుందనడమూ, చక్కని పింగాణీ పాత్రల్లో వడ్డించిన ఫలహారాన్ని అతిథిపూజగా ప్రచారం చేసుకోవడమూ రెండూ పొరపాట్లే. పునరుద్ధరించిన విక్టోరియన్ ఇంట్లో గదులు అద్దెకిచ్చే గృహస్థు మొదటి రెండు అంగాలను, అంటే ఎంచకపోవడాన్నీ శ్రద్ధనూ, పూర్తిగా పాటించగలడు. ఆ ఇంటి తొలి యజమానులకన్నా మిన్నగా కూడా పాటించగలడు. మూడవదైన దానం అతడి వృత్తి పరిధిలోకి రాదు. అది అతడు తన ఆదాయం నుంచి విడిగా తీర్చవలసిన ఋణం. కోనసీమలోని లంకల గన్నవరంలో జీవితాంతం వచ్చినవారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మకూ, ఓరుగల్లులో రూకకు భోజనం పెట్టిన పూటకూటి ఇంటికీ ఉన్న తేడా ఈ మూడవ అంగంలోనే ఉంది. ఆ తేడాను చెరిపేయకుండా, పూటకూటి ఇంటికి దక్కవలసిన గౌరవాన్ని దానికి ఇవ్వడమే న్యాయం.